వాన నీళ్ళు భూమిలోకి పంపండి, స్నానం నీళ్ళు మొక్కలకి వదలనివ్వండి: మన కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ కమిటీకి బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీలో ఉన్న అన్నలకి, అక్కలకి నమస్కారం.

పోయిన వారం మీరు ఇంటింటికీ పంపిన సర్క్యులర్ గురించే ఈ లెటర్. మీటింగ్‌లోనే మాట్లాడదాం అనుకున్నా కానీ అక్కడ పార్కింగ్ గొడవ, వాచ్‌మన్ జీతం, సీసీ కెమెరాలు అన్నీ అయ్యేసరికి నీళ్ళ సంగతి ఎప్పుడూ ఆఖరి రెండు నిమిషాల్లోకి వస్తది, అప్పటికి సగం మంది లేచి వెళ్ళిపోతారు, అందుకే అందరూ తీరిగ్గా చదువుకునేలా రాయడమే మంచిదనిపించింది.

సర్క్యులర్‌లో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, ఇళ్ళల్లో తోటల కోసం పార్కు పక్కన 50 వేల లీటర్ల సంపు కట్టించి వాన నీళ్ళు నింపి ఎండాకాలం ఇంటింటికీ ఇస్తాం అని, దానికి అందరి దగ్గరా వసూలు చేస్తాం అని. రెండు, స్నానాల నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు మొక్కలకి వదలడం బంద్, వదిలితే ఫైన్ అని. కింద ఒక లైను కూడా ఉంది, తోటలకి రెండిట్లో ఏదో ఒకటే పద్ధతి ఉండాలి కాబట్టి శుభ్రమైన వాన నీళ్ళనే ఎంచుకున్నాం అని.

మీ ఉద్దేశం మంచిదేనండి, నేను దాన్ని తప్పుపట్టట్లేదు. కానీ ఏ నీళ్ళు ఎక్కడికి పోవాలి అన్నది తారుమారైంది. వాన నీళ్ళు దాచాల్సింది సంపులో కాదు, భూమిలో. ఎండాకాలం మొక్కలకి పోయాల్సింది రోజూ మన ఇళ్ళల్లోంచి డ్రైనేజీలో కలిసిపోతున్న స్నానం నీళ్ళు. మొదటిది అందరం కలిస్తేనే అయ్యే పని, అందుకని కమిటీ చెయ్యాలి. రెండోది ఎవరింట్లో వాళ్ళు చేసుకునేది, దానికి కమిటీ అడ్డం పడకుండా ఉంటే చాలు.

ముందు సంపు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దగ్గర వాన పడతది. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. 120 గజాల డాబా సుమారు 100 చదరపు మీటర్లు, అంటే దాని మీద ఏడాదికి 80 వేల లీటర్లు, ఆవిరయ్యేవి, డాబా కడిగిపోయే మొదటి నీళ్ళు తీసేసినా 60 వేల లీటర్ల పైనే మిగుల్తాయి. వినడానికి చాలా బాగుంటది. కానీ ఇందులో ముప్పాతిక పైగా జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతది, ఆ నెలల్లో మొక్కలకి మనం పెద్దగా నీళ్ళు పొయ్యనే పొయ్యం. మొక్కలు నోరు తెరిచి అడిగేది మార్చి, ఏప్రిల్, మే. అంటే అక్టోబర్‌లో నిండిన సంపుని ఎవరూ ముట్టుకోకుండా మార్చి దాకా కాపాడాలి. సరే, కాపాడాం అనుకుందాం. మన కాలనీలో ఎంతో కొంత తోట ఉన్న ఇళ్ళు 40 దాకా ఉంటాయి, ఎండాకాలం ఒక్కో ఇంటికి రోజుకి 150 లీటర్లు అనుకుంటే రోజుకి 6 వేల లీటర్లు. 50 వేల లీటర్లు ఎన్ని రోజులొస్తాయి? ఎనిమిది రోజులు. మార్చి ఒకటో తారీఖున తాళం తీస్తే ఉగాది పండగ రాకముందే సంపు ఖాళీ. మిగతా ఎండాకాలం అంతా మళ్ళీ 5 వేల లీటర్ల ట్యాంకరే, అది కూడా రోజుకి ఒకటి సరిపోదు.

ఇంకా పెద్దది కడదాం అంటారేమో. ఎంత పెద్దది కట్టినా మన దగ్గర వాన పడే తీరు వేరు. 2020 అక్టోబర్ 13 గుర్తుందిగా, బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు 190 మిల్లీమీటర్లు పడింది, ఏడాది వానలో నాలుగో వంతుకి దగ్గర దగ్గర ఒక్క రోజులో. అలాంటి రోజు ఏ సంపైనా గంటల్లో నిండి మిగతాదంతా రోడ్డు మీదకి పోతది. అంత నీటిని పట్టుకోగలిగేది మన కాళ్ళ కింద ఉన్న నేల ఒక్కటే, అది కూడా మనం దారి ఇస్తే.

ఇప్పుడు స్నానం నీళ్ళ సంగతి. సిటీల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని ప్రభుత్వ లెక్క. నలుగురున్న ఇల్లయితే 540 లీటర్లు. ఇందులో టాయిలెట్‌కి, వంటింటికి పోయేవి పక్కన పెట్టి ఒట్టి స్నానాలు, బట్టలే చూసుకుందాం. బకెట్ స్నానం మనిషికి రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు పెట్టుకోండి, నలుగురికి 160. వాషింగ్ మెషీన్ ఫ్రంట్ లోడ్ అయితే ఒకసారికి 50, 60 లీటర్లు, టాప్ లోడ్ అయితే 100 దాటుతది. మొత్తం 200 లీటర్ల పైనే, రోజూ, ఏప్రిల్‌లో కూడా, మేలో కూడా, వాన పడినా పడకపోయినా. ఒక ఇంటి తోటకి పైన అనుకున్న 150 లీటర్లకి ఇవి చాలు కదా. దీనికి సంపు అక్కర్లేదు, పుట్టిన రోజే వాడేస్తాం.

ఇంకో లెక్క కూడా ఉంది. 2021 జనవరి నుంచి మనకి నెలకి 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్ళు ఉచితంగా వస్తున్నాయి. రోజుకి 150 లీటర్లు తోటకి పోస్తే నెలకి 4,500, అంటే ఉచిత కోటాలో దాదాపు పావు వంతు మందార చెట్టుకే పోతుంది. ఆ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకి పైగా పంపులతో ఎత్తి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి మన దాకా తెస్తున్నారు. తాగడానికి తెచ్చిన ఆ నీళ్ళని పాదుల్లో పొయ్యడం నాకైతే మనసొప్పదు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీళ్ళు తోటలకి, కార్లు కడగడానికి వాడితే 5 వేల రూపాయల ఫైన్ పెట్టారు. అక్కడ ఫైన్ దేనికి పెట్టారో చూడండి, మనం దేనికి పెడుతున్నామో చూడండి.

మీరు ఫైన్ ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు, వాసన గొడవే. ఒక ఇంట్లో స్నానం నీళ్ళు డ్రమ్ములో పట్టి మూడు నాలుగు రోజులు అట్లనే మూత పెట్టి ఉంచారు, పక్కింటివాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు, వాళ్ళ బాధలో న్యాయం ఉంది. కానీ జరిగింది ఏంటో చూడాలి కదా. సబ్బు, ఒంటి మట్టి, చమురు ఉన్న నీళ్ళు ఒక్క రోజు దాటితే కుళ్ళడం మొదలవుతది, గాలి ఆడని డ్రమ్ములో అయితే ఇంకా తొందరగా. అదే నీళ్ళు అప్పటికప్పుడు పాదులోకి పోతే గంటలో నేల తాగేస్తది, వాసన అనేదే ఉండదు. కాబట్టి పెట్టాల్సిన రూలు "మొక్కలకి వదలొద్దు" అని కాదు, "నిల్వ పెట్టొద్దు, రోడ్డు మీదకి పారనివ్వొద్దు" అని. ఈ రెండూ తప్పితే ఫైన్ వెయ్యండి, నేనే సంతకం పెడతా.

మన పాత ఇళ్ళకి ఒక సౌకర్యం ఉంది, చాలామంది గమనించలేదు. ఇంటి వెనక గోడ మీద పైపులు చూడండి, నాలుగించులది ఒకటి, మూడించులది ఒకటి వేరువేరుగా కిందికి దిగుతాయి. నాలుగించులది టాయిలెట్‌ది, దాని జోలికి ఎప్పుడూ పోవద్దు. మూడించులది బాత్రూమ్ నానీ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే జాలీ కన్నం) నుంచి వచ్చేది, స్నానం నీళ్ళు, వాష్‌బేసిన్ నీళ్ళు అందులో వస్తాయి. రెండూ కింద చాంబర్‌లో కలుస్తాయి. కలవకముందే, నేలకి రెండడుగుల పైన ఆ మూడించుల పైపుని కోసి ఒక త్రీ వే వాల్వ్ పెడితే అయిపోయింది, హ్యాండిల్ ఇటు తిప్పితే తోటకి, అటు తిప్పితే డ్రైనేజీకి. ప్లంబర్‌కి ఒక పూట పని. పైపు చివర ఒక నైలాన్ జాలీ సంచి కడితే వెంట్రుకలు, బట్టల నూగు అందులో ఆగిపోతాయి, వారానికోసారి దులపాలి. మా ఇంట్లో ఇట్లనే ఉంది, అరటి, కొబ్బరి, కరివేపాకు, మందార అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. కొత్తగా కట్టిన ఫ్లాట్లలో చాలావాటికి పైపులు గోడలోపల కలిసిపోయి ఉంటాయి, అక్కడ ఇది కుదరదు, వాళ్ళు వాషింగ్ మెషీన్ పైపు ఒక్కటి తిప్పుకున్నా చాలు. ఇదేమీ కొత్త ఐడియా కూడా కాదు, ఊళ్ళల్లో పెరట్లో స్నానాల గది నీళ్ళు పారే చోట అరటి, చేమ వేసుకునేవాళ్ళు, అక్కడ మురుగు అనేదే నిలిచేది కాదు.

అయితే అన్ని నీళ్ళూ అన్ని మొక్కలకీ పోయొచ్చా అంటే పోయకూడదు, ఇది దాచిపెట్టి నేను వాదించను. బట్టల పౌడర్లలో సోడా ఉంటది, అంటే సోడియం. అది నేలలో పేరుకుంటే మట్టి గట్టిపడి నీళ్ళు ఇంకవు, ముఖ్యంగా నల్లమట్టి అయితే పైన పెచ్చులా కట్టేస్తది. మన దగ్గర ఎర్రమట్టి, ఇసుక పాలు ఎక్కువ, కొంచెం తట్టుకుంటది, కానీ బోరు నీళ్ళే ఉప్పగా ఉన్న ఇళ్ళల్లో జాగ్రత్త. మెషీన్‌లో మొదటిసారి వచ్చే పౌడర్ నురగ నీళ్ళు డ్రైనేజీకే వదిలి, తర్వాత జాడించిన నీళ్ళు మాత్రం చెట్లకి తిప్పుకోవాలి. బ్లీచింగ్, ఫినాయిల్, యాసిడ్‌తో బాత్రూమ్ కడిగిన రోజు, తలకి రంగు వేసుకున్న రోజు, పసిపిల్లల గుడ్డలు ఉతికిన రోజు హ్యాండిల్ డ్రైనేజీ వైపు. వాటర్ సాఫ్ట్‌నర్ (బోరు నీళ్ళ గట్టితనం తగ్గించే మెషీన్) పెట్టుకున్న ఇళ్ళల్లో దాన్ని ఉప్పుతో కడిగిన నీళ్ళు అసలే వద్దు. ఆర్వో వేస్ట్ నీళ్ళు కూడా ఉప్పు ఎక్కువగా ఉండేవే, ఇల్లు తుడుచుకోండి గానీ రోజూ కుండీల్లో పొయ్యకండి. గిన్నెలు కడిగిన నీళ్ళల్లో నూనె, మెతుకులు ఉంటాయి, వాసనకి, ఎలుకలకి అదే మూలం, అది పక్కన పెట్టేయండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు మాత్రం బంగారం, ఏ మొక్కకైనా పోయొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్ళల్లో ఉప్పే ఉండదు కాబట్టి కుండీలకి అది చాలా మంచిది.

పాలకూర, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ లాంటివాటికి స్నానం నీళ్ళు వద్దు. వంకాయ, బెండ, టమాటా అయితే నీళ్ళు ఆకులకి, కాయలకి తగలకుండా మొదట్లో మట్టిలోకి మాత్రమే వదిలి, మీద ఎండుటాకులో కొబ్బరిపీచో కప్పాలి, పైపుతో చిమ్మకూడదు. నిమ్మ, బత్తాయి జాతి ఉప్పుకి తొందరగా దెబ్బతింటాయి, వాటికీ వద్దు. డాబా మీద కుండీలు, గ్రో బ్యాగులు ఉన్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి, కుండీలో మట్టి తక్కువ, ఉప్పు పోవడానికి దారి ఉండదు, ఆకుల అంచులు మాడుతూ వస్తాయి. నేలలో ఉన్న చెట్లకి అయితే వానాకాలం మొదలవ్వగానే స్నానం నీళ్ళు ఆపేసి డ్రైనేజీకి తిప్పేస్తే చాలు, నాలుగు గట్టి వానలు పడితే పేరుకున్న ఉప్పంతా కిందికి కడిగిపోతది. చూశారా, తోటకి రెండు నీళ్ళూ కావాలి, ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి, ఇందులో ఒకదాన్ని ఎంచుకుని ఇంకోదాన్ని బంద్ పెట్టాల్సిన అవసరమే లేదు.

పెద్దవాళ్ళు కొందరు మీటింగ్‌లో అన్నారు, తులసికి, దేవుడి పూల చెట్లకి స్నానం నీళ్ళేంటమ్మా అని. వాళ్ళ మాట నేను కాదనను. తులసి కోటకి చెంబుడు మంచినీళ్ళే పోయండి, పూజ పూలకి కూడా. మిగిలిన చెట్లకి ఇవి పోతే చాలు.

ఇంక వాన నీళ్ళ దగ్గరికి వస్తా, ఎందుకంటే కమిటీ డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) వచ్చినప్పటి నుంచి ఇంకుడు గుంతల గురించి, అంటే వాన నీళ్ళు భూమిలోకి దింపే గుంతల గురించి రూల్ ఉంది, మన కాలనీలో కూడా పార్కులో రెండు, వీధి చివర ఒకటి, చాలా ఇళ్ళల్లో ఒక్కోటి ఉన్నాయి. ఒకసారి పార్కులో ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఉన్న గుంత బండ ఎత్తి చూడండి. పైన పాల కవర్లు, కొబ్బరి చిప్పలు, దాని కింద జానెడు బురద గట్టిపడి నేలలా అయిపోయింది, ఆ కింద ఇసుక, కంకర ఎక్కడో ఉన్నాయి కానీ వాటి దాకా చుక్క దిగే దారి లేదు. పక్కనే కమ్యూనిటీ హాల్ డాబా పైపు ఉంది, అది గుంతలోకి కాదు, రోడ్డు మీదకి తిప్పి ఉంది. అంత పెద్ద డాబా మీద పడిన నీళ్ళు ప్రతి వానకీ వీధి చివర మోకాలి లోతు నిలిచి, మ్యాన్‌హోల్ పొంగి, అక్కడి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళ ఇళ్ళల్లోకి పోతున్నాయి.

ఇది కమిటీ పనే అని ఎందుకంటున్నానంటే, మన కింద ఉన్నది రాయి. పైన కొంచెం మట్టి, మొరం, దాని కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద గట్టి గ్రానైట్. నీళ్ళు నిలిచేది ఆ మెత్తబడ్డ రాయిలో, గ్రానైట్ పగుళ్ళలో, అంతే. పై పొర ఎండిపోయింది కాబట్టే ఇప్పుడు వెయ్యి అడుగులు దింపినా కొన్ని బోర్లలో దుమ్ము వస్తుంది. నేను మా గుంతలోకి వదిలిన నీళ్ళు ఏ పగులు పట్టుకుని ఎవరి బోరులోకి పోతాయో ఎవరూ చెప్పలేరు, మా బోరు కింద ఆగి నా కోసం కూర్చోవు. ఒక్క ఇల్లు చేస్తే తేడా కనిపించదు, అందుకే ఎవరూ చెయ్యట్లేదు. చెన్నైలో 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి బిల్డింగుకీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసి గడువు పెట్టి చేయిస్తే బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి, అందరితో ఒకేసారి చేయించారు కాబట్టే అది కుదిరింది. తర్వాత పట్టించుకోవడం తగ్గి, గుంతలు పూడిపోయి, వానలు కూడా సరిగ్గా పడక 2019లో అదే చెన్నై మళ్ళీ ఎండిపోయింది. కట్టడం ఎంత ముఖ్యమో ఏటా పూడిక తియ్యడం కూడా అంతే ముఖ్యం.

కాబట్టి సంపుకి అనుకున్న డబ్బులో కొంత పెట్టి ఉన్న గుంతలన్నీ మే నెల లోపు తవ్వించండి, బురద తీసి, కింద పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక కొత్తగా వేయించండి. గుంతకి ముందు ఒక చిన్న తొట్టి కట్టిస్తే మట్టి, ఆకులు అందులోనే ఆగిపోతాయి, దాన్ని ఎత్తిపోసుకోవడం సులువు. కమ్యూనిటీ హాల్ పైపు గుంతలోకి తిప్పించండి. ఆ తర్వాత డబ్బు మిగిలితే వీధి చివర పల్లంలో ఇంకో గుంత.

ఇక్కడ ఒక్క విషయం బతిమాలి చెప్తున్నా. కమిటీలో ఒకాయన, మంచి మనసుతోనే, స్నానం నీళ్ళు కూడా ఇంకుడు గుంతలోకే కలిపేస్తే ఏ గొడవా ఉండదు కదా అన్నారు. దయచేసి ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. పాదులో పోసిన సబ్బు నీళ్ళని పై మట్టిలో ఉన్న సూక్ష్మజీవులు, వేర్లు శుభ్రం చేస్తాయి. గుంతలో పోస్తే ఆ పై మట్టిని దాటేసి సూటిగా బోర్లలోకి పోతాయి, మనలో బోరు నీళ్ళు వంటకి వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అట్లనే డాబా మీద మిద్దె తోట ఉన్నవాళ్ళ వాన నీళ్ళల్లో పశువుల ఎరువు, మట్టి, మందులు కలిసి వస్తాయి, అవి ఫిల్టర్ లేకుండా బోరు కేసింగ్‌లోకి (బోరులో దింపిన పైపులోకి) వదలకూడదు, మా ఇంటికి కూడా ఇదే రూల్ పెట్టండి. డాబా మీద డ్రమ్ముల్లో వాన నీళ్ళు పట్టుకునేవాళ్ళు మూతకి దోమల జాలీ కట్టాలి, డెంగీ దోమ పెరిగేది నిలవున్న మంచి నీళ్ళల్లోనే.

సంపు పూర్తిగా వద్దని కూడా అనట్లేదు, పార్కు వాచ్‌మన్ గది కడగడానికి, పార్కులో కుండీలకి ఒక 5 వేల లీటర్ల ట్యాంక్ పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇంటింటి తోటలకి అదే దిక్కు అని దాని మీద అంత డబ్బు పెట్టడమే వద్దంటున్నా.

వచ్చే ఆదివారం మీటింగ్‌లో నీళ్ళ విషయం మొదటి ఐటమ్‌గా పెట్టండి. స్నానం నీళ్ళ మీద ఫైన్ తీసేసి దాని బదులు నిల్వ పెట్టకూడదు, బయటికి పారకూడదు, గుంతలో కలపకూడదు అని మూడు రూల్స్ పెడితే నా ఓటు దానికే. వాల్వ్ ఎట్లా పెట్టారో చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా సాయంత్రం ఐదు తర్వాత మా ఇంటి వెనక్కి వచ్చి చూడొచ్చు, పెట్టిన ప్లంబర్‌ని కూడా శనివారం రమ్మని చెప్పా, ఒకేసారి పది ఇళ్ళు మాట్లాడుకుంటే రేటు తగ్గిస్తా అన్నాడు. పార్కు గుంత తవ్వే రోజు చెప్పండి, మా ఇంట్లో ఇద్దరం పారలతో వస్తాం.

ఇట్లు,
మూడో వీధి నుంచి, తోట ఉన్న ఒక ఇంటి మనిషి